ఖాతాల పని

ఏమే సింధూ, పొద్దటి సంది ఆ కాయితం ముందటేసుకొని గట్ల కూసున్నవేంది? రాస్తే రాయి, లేకుంటే మలిచి డబ్బల వెట్టు, ఫ్యాన్ గాలికి ఎగిరి పప్పుల వడ్తది. ఏందీ? జర గట్టిగ చెప్పు బిడ్డా, నలభై ఏండ్లు బట్ట నేసే సాంచాల చప్పుడు ఇన్న చెవులివి, నీ గుసగుసలు వీటికి ఎక్కయి. పాస్ కాలేదా? అట్లంటవేందే, మొన్ననే గద మీ బాపు సుమన్ గల్లీ మొత్తానికి పేడాలు పంచె! ఓహో... పరీక్ష వెట్టలేదు, కరోనా అని దేశంల పోరగాండ్లందర్నీ ఒక్కతీరుగ పైకి నెట్టిండ్రు, గందుకని అది పాస్ కాదు. కింది ఇంటి పోరగాండ్లు మెట్ల మీద కూసొని "కరోనా పాస్, కరోనా పాస్" అని కూతలు వెడ్తుండ్రు, గందుకని నువ్వు పదకొండో తరగతి ఫారం నింపవు. మంచిగున్నది. ఇయ్యాలనే ఆఖరు దినం, పన్నెండింటికి బళ్ల ఫారాలు తీసుకునే కిటికీ మూస్తరు. తర్వాత ఏం జేస్తవ్? మార్కెట్ల చీరెలు మడత వెట్టవోతవా? పో మరి. మీ తాత గా మడతల కాడ్నే నడుం వంగి పోయిండు.

అయినా నువ్వు సదువలేదంటే నేనెట్ల నమ్ముత చెప్పు? ఈ రెండేండ్లు నీతోని సదివింది నేనే గద. ఒక్క అర్ర, ఒక్క ఫోను, పక్కింట్ల జరీ మిషిన్లు. నీకు పొద్దున, నీ తమ్ముడు ప్రణయ్ గానికి మధ్యాహ్నం. మీ టీచర్ బెన్ "కెమెరా చాలూ కరో బేటా" అంటే నువ్వు చాలూ జేసుడు, వెనక నేను బువ్వ వంపుకుంట కనవడుడు. ఒకనాడు ఆమె హాజరు పిలుస్తుంటే నువ్వు మొకం కడుక్కోవోతివి, "సింధూజా" అన్నది, నేనే "హాజిర్ టీచర్" అంటి. "ఆవాజ్ క్యూఁ ఐసీ హై బేటా" అన్నది, గొంతు గట్లెందుకున్నదని. "కరోనా హో గయా" అన్న. పాపం భయపడి రెండు దినాలు నిన్ను ప్రశ్నలే అడుగలేదు గదనే! నవ్వు, నవ్వు. సిగ్నల్ దొరుకుత లేదని డాబా మెట్ల మీద గొడుగు వట్టుకొని కూసొని లెక్కలు జేసింది ఎవరు? కరోనా జేసిందా?

ఇగో, ఈ గిన్నెల చిక్కుడుకాయలున్నయి, పీసులు తీస్కుంట ఇను. నీకు భాగీరథి ముచ్చట ఎప్పుడన్న చెప్పిన్నా? చెప్పలే. ఎట్ల చెప్తా, అండ్ల నా ముచ్చట గూడ ఉండె. మన తెలుగు బడిల టీచరమ్మగ ఉండె, నువ్వు పుట్టకముందే పోయింది పాపం, జ్వరమొచ్చి. ఆమె చిన్నగున్నప్పటి సంగతి. నలభై అయిదేండ్లు దాటె. మన సూరత్ ఉధ్నాల అప్పుడు ఇన్ని బిల్డింగులు ఏడియి, అన్నీ రేకుల చాళ్లు, వరుసగ ఒక్కొక్క అర్ర ఇండ్లు. మేము ఎదురెదురు అర్రలల్ల ఉండేది. దాని బాపు బక్కయ్య కాక, మా బాపు లింగమూర్తి, ఇద్దరు ఒక్క ఖాతాల పని జేసేది. ఖాతా అంటే నీకెర్కే, సాంచాలుండే షెడ్డు, ఈ సూరత్‌ల అందరు గట్లనే అంటరు, గుజరాతోళ్లంటరు, ఒడియోళ్లంటరు, మనమూ అంటం. కాకది ఒక దిక్కు నాలుగు సాంచాలు, మా బాపువి ఎదురంగ నాలుగు. నడుమ నడిచే తొవ్వ. ఒక్క బీడీని ఇద్దరు తాగేటోళ్లు. గది యాదివెట్టుకో, ఇద్దరిది ఒక్కటే పని, వెంట్రుకంత ఫరకు లేదు.

భాగీరథి నేను ఒక్కనాడే బళ్ల చేరినం. హాజరు బుక్కుల నా పేరు, దాని కింద దాని పేరు. సదువు గూడ ఒక్కతీరే, అంటే ఇద్దరికీ రాకపోయేది. నేనన్న నా పేరు సక్కగ రాసేదాన్ని, అదైతే భాగీరథి అని రాయుమంటే ఒకపారి బాగిరది, ఒకపారి బగిరాతి. ఎన్నిసార్లు రాసినా మళ్లొకసారి అదే తీరుగ రాకపోయేది. బడి అంటే రెండు అర్రలు. ముందట రెండు బెంచీలు, వెనక అంత గోనెపట్టాలు. పట్టాల మీద దులిపితే దుమ్ము లేస్తది, దులుపకుంటే చీమలు లేస్తయి. మేమిద్దరం ఆఖరు పట్టా, తలుపు చాటుకు. అయిదో తరగతికి వచ్చినంక కొత్త సార్ వచ్చిండు, సాంబయ్య సార్. మన దిక్కు కాదు, గుంటూరు దిక్కు. తెల్లటి ధోతి, వేలు మడిచి సుద్దముక్క వట్టుకునే తీరే వేరు. మాట ఇంటే రేడియో ఇన్నట్టుండె. మంచోడే. చెడ్డోడు అంటే ముచ్చట అల్కగ అయిపోయేది.

వచ్చిన మొదటినాడే బుక్కుల రాసుకుంటందుకు ఒక్కొక్కర్ని లేపిండు. "ఏవమ్మాయ్, మీ నాన్నగారు ఏం చేస్తూంటారు?" నేను లేచి "మా బాపు సాంచాలు నడుపుతడు సార్" అన్న. "ఏం నడుపుతాడు?" "సాంచాలు." "అవేంటో!" అని రాసుకొని "సరే, కూర్చో" అన్నడు. దాని వంతు వచ్చింది. అది లేచి, పావుడ సవరించుకొని, "మా బాపు ఖాతాల పని జేస్తడు సార్" అన్నది.

ఇగ సూడు. సార్ కలం ఆగింది. అద్దాలు పైకి నూకిండు. ఆళ్ల దిక్కు ఖాతా అంటే బ్యాంకుల ఉంటదట గదా. మనం "ఖాతాల" అంటే ఖాతా లోపట అని, ఇంట్ల, బళ్ల అన్నట్టు. ఆయనకు ఏమినవడ్డది? ఖాతాలు రాసే పని, లెక్కలు చూసే పని అని ఇనవడ్డది. "ఖాతాల పనే! అంటే బ్యాంకులో లెక్కలన్నీ చూస్తారా?" అన్నడు. అదేం జేసింది? పెద్దోళ్లు అడిగితే అవునన్నుడే నేర్పిరి మనకు. "ఆ సార్" అన్నది. "మరి వెనక్కెందుకు కూర్చున్నావు తల్లీ, రా, ముందుకు రా" అని మొదటి బెంచి మీద కూసోవెట్టిండు. తల్లీ అన్నడు! ఆ బడి పుట్టిన సంది ఎవరు ఎవర్నీ తల్లీ అనలేదు. అది బెంచి మీద కూసొని నా దిక్కు తిరిగి సూసింది, బస్సు ఎక్కినోళ్లు కింద నిలవడ్డోళ్లను సూసినట్టు.

మరి ఆ దినం సంది ఎట్లుండె సూడు. ఎక్కం అడుగుతడు. "ఏడెనిమిదులు?" అంటడు. నన్ను లేపితే నేను "ఆ..." అనెటాల్లకే "కూర్చో కూర్చో" అంటడు. దాన్ని లేపితే ఆగుతడు. అది పైకి సూస్తది, కిందికి సూస్తది, సార్ చేతులు కట్టుకొని నిలవడ్తడు. "తొందరేం లేదు, ఆలోచించు. ఇంట్లో లెక్కల వాతావరణమేగా." అది "నలభై ఎనిమిది" అంటది. "అబ్బ, తొందరపడ్డావమ్మా, దగ్గరికొచ్చి జారిపోయావు" అంటడు. అదే నేను నలభై ఎనిమిది అంటే? "మీకెందుకర్రా ఈ చదువులు" అంటడు. ఒక్కటే తప్పు గదనే! దానిది జారిందంట, నాది రానే రాదంట. కోపం రాలేదా అంటవా? కోపమా, మస్తొచ్చింది. ఇంటికి పోయి మా బాపును అడిగిన, "నువ్వు ఖాతాల పని జేస్తవా, సాంచాలు నడుపుతవా?" అని. "రెండూ ఒక్కటే గదనే పిచ్చిదానా" అన్నడు. "మరి నాకు ముందుగాల్నే చెప్పరాదా!" అని ఏడిసిన. ఆయనకు ఏం సమజ్ కాలే, పాపం, ఒక బెల్లం ముక్క ఇచ్చిండు.

భాగీరథికి వారం దినాలు మస్తు సంబురమాయె. రెండో వారం సంది కడుపునొప్పి వట్టుకున్నది. భయంతోని. సార్‌కు ఎర్కయితే? బాపుకు అచ్చరం ముక్క రాదు, వేలిముద్ర మనిషి. నేనేమో బ్యాంకు ఆఫీసరు బిడ్డనని బెంచెక్కి కూసున్న అని దాని గుబులు! బువ్వ తినకపోయేది, నిద్రల ఉలిక్కివడేది. నాతోని ఒక్కదానితోనే చెప్పింది, చాళ్ల వెనక నీళ్ల నల్ల కాడ. "గంగీ, సార్ అడిగినయి వచ్చినన్ని దినాలు ఆయనకు అనుమానం రాదు. రాకుంటే దొరికిపోత." గంతే. అది సదువు మీద పేమతోని సదువలేదు సింధూ, దొంగ తాళం నేర్చుకున్నట్టు నేర్చుకున్నది. బెంచి మీదికెళ్లి దింపుతరని భయం. ఆ బెంచికి ఎట్లనో అలవాటువడ్డది, ఇగ పట్టా మీద కూసోబుద్ధి కాలేదు.

ఏడ సదివేదంటవ్? ఖాతాలనే! పగటి పూట బాపుకు సద్ది తీస్కపోయి, ఆయన తినేదాక సాంచాల నడుమ నిలవడి ఎక్కాలు అనేది. సాంచా చప్పుడు ఎట్లుంటది, ఖట్ ఖటా ఖట్, ఖట్ ఖటా ఖట్. ఆ దరువు మీద అనేది. ఏడొకట్ల ఏడు, ఖట్ ఖటా ఖట్, ఏడు రెండ్ల పద్నాలుగు, ఖట్ ఖటా ఖట్. మా బాపుకు నేను గూడ సద్ది తీస్కపోతుంటి గద, నాకు గూడ వచ్చేసినయి. కనీ నన్ను ఎవరడిగేది! మూడు నెలల పరీక్షల దానికి యాభైకి పంతొమ్మిది వచ్చినయి. సార్ ఏమన్నడు? "పేపర్ కొంచెం కఠినంగా ఇచ్చానులే" అన్నడు. నాకు ఇరవై ఒకటి. నాకేమనలేదు. ఆరు నెలల పరీక్ష నాడు ఏమైందంటే, దేవుడా, ఇప్పటికీ నవ్వొస్తది, నోటి లెక్కలు అడుగుతుండు, భాగీరథి లేచింది, కిటికీల కెళ్లి అవతలి ఖాతా చప్పుడు వస్తున్నది, ఇది జోరుగ చెప్తున్నది, ఎనిమిదో ఎక్కం, "ఎనిమిది ఆర్ల నలభై ఎనిమిది" అన్నది, కరెంటు పోయింది. ఖాతా ఆగింది. ఇది గూడ ఆగింది! నోరు తెరిచే ఉన్నది. "చెప్పమ్మా" అంటడు సార్. ఇది కిటికీ దిక్కు సూస్తది. "బయటేముంది?" అంటడు. తలుపు పక్కనే గద నేను, పలక తీసి తలుపు మీద కొట్టిన, ఖట్ ఖటా ఖట్. "ఎనిమిదేడ్ల యాభై ఆరు" అన్నది. ఖట్ ఖటా ఖట్. "ఎనిమిదెనిమిదుల అరవై నాలుగు." పది దాక తీస్కపోయిన దాన్ని. సార్ దానికి శభాష్ అన్నడు, నాకు "ఎవరే ఆ చప్పుడు, క్రమశిక్షణ లేదూ" అని ఒక్కటి పీకిండు. దానికి ముప్పై ఎనిమిది వచ్చినయి. నా పలక ఓ మూలకు పలిగింది.

గట్ల నడుస్తుంటే పెద్దపరీక్షల ముందు తనిఖీ వస్తదన్నరు. సార్‌కు ఒక కష్టం వచ్చింది. హాజరు బుక్కు కూడితే ఆరు తక్కువొస్తున్నది. మూడుసార్లు కూడిండు, మూడుసార్లు ఆరే తక్కువ. ఇగ ఏం జేసిండు? "భాగీరథీ, రేపు మీ నాన్నగారిని ఒకసారి రమ్మను తల్లీ. వారికిది చిటికెలో పని." అయిపోయింది! అది ఇంటికి వచ్చి గోడకు ఆనుకొని కూసున్నది. బక్కయ్య కాకకు నేనే చెప్పిన మొత్తం. ఆయన తిడ్తడనుకున్న. తిట్టలే. జరసేపు బిడ్డ దిక్కు సూసి, "సార్ పిలిస్తే పోకుండ ఎట్లుంటం" అన్నడు. పొద్దున మా బాపు తన పెండ్లినాటి అంగీ ఇచ్చిండు. ఎవరో జేబుకు కలం వెట్టిండ్రు, మూతనే, లోపట కలం లేదు. ఎంత దువ్వినా తలల నూలు దుమ్ము పోకపోయేది, బొట్టు బొట్టు తెల్లగ.

సాంచా మనిషి మాట ఎట్లుంటది, అరిసినట్టే ఉంటది. "నమస్తే సార్!" అన్నడు, ముందటి బెంచి పోరగాండ్లు లేచి నిలవడ్డరు. సార్ కుర్చీ జరిపి, "దయచేయండి, దయచేయండి. ఎన్ని ఖాతాలు చూస్తారండీ మీరు?" "ఒక్కటే ఖాతా సార్! అండ్ల నాలుగు నాయి!" "నాలుగేనా? చిన్న బ్రాంచి అన్నమాట." "మొత్తం ఇరవై నాలుగున్నయి సార్! రాత్రి పాళి గూడ నడుస్తది!" "రాత్రి కూడానా! ఇక్కడ బ్యాంకులు రాత్రుళ్లు కూడా చేస్తాయా?" కాక ఏమనుకున్నడో, "కరెంటుంటే చేస్తయి సార్!" అన్నడు. భాగీరథి బెంచి కొస వట్టుకొని కండ్లు మూసుకున్నది. నేను వెనక పావుడ కొస నోట్ల కుక్కుకున్న. అప్పుడు సార్ హాజరు బుక్కు తెరిచి కాక చేతుల వెట్టిండు. "కాస్త చూసి పెట్టండి, ఆరు ఎక్కడ పోయిందో."

హాజరుంటే నిలువు గీత, లేకుంటే సున్న, గట్ల ఉండె ఆ బుక్కు. కాక ముందుగాల కాయితాన్ని రెండు వేళ్ల నడుమ రుద్ది సూసిండు, బట్టను సూసినట్టు. సార్ "అదేంటండీ" అని అడుగుతందుకు నోరు తెరిచిండు. కాక బుక్కును వెలుగు దిక్కు లేపి వట్టిండు. ఒక కాయితం మలిపిండు, ఇంకోటి మలిపిండు. ఆయన ఏం సదువుతలేడు సింధూ, ఆయనకు గీతలు గీతలోలె కాదు, పోగుల్లెక్క కనవడ్తున్నయి. వేలల్ల ఒక్క పోగు తెగితే నడుస్తున్న సాంచా మీద పట్టేటోడు. మూడో కాయితం మీద వేలు వెట్టిండు. "ఇగో! ఈడ పోగు దప్పింది సార్! ఆరు పోగులు!" సార్ వంగి సూసిండు. ఒక వరుసల ఆరు గడులు ఖాళీ. గీత లేదు, సున్న లేదు. "అద్భుతం! మూడుసార్లు చూశాను, నా కంటికి ఆనలేదు!" అని కాక చెయ్యి వట్టుకొని ఊపుడే ఊపుడు. "అనుభవం అంటే ఇదీ! మీ నాన్నగారిని చూసి నేర్చుకోవాలమ్మా" అంటుంటే, భాగీరథి లేచి నిలవడ్డది. దొరుకకుండ తప్పించుకున్నది గద, చుప్ కూసుంటే అయిపోతుండె! "సార్, మా బాపుకు సదువు రాదు సార్. ఖాతా అంటే బ్యాంకు కాదు. సాంచాల షెడ్డు. ఆయన సాంచాలు నడుపుతడు. గంగవ్వ వాళ్ల బాపు జేసేదీ అదే." గంత చెప్పి సంచి సంకకేసుకొని వెనకకు నడిచింది, నా పక్కకు.

కాక జేబుల కెళ్లి మూత కింద వడి దొర్లింది. సార్ మొకం సూడబుద్ధి కాలేదు నాకు, సుద్ద తిన్నట్టయింది. సార్ అడిగిండు, "ఎక్కడికమ్మా?" "నా జాగకు సార్." "ఆర్నెల్ల పరీక్షలో ముప్పై ఎనిమిది వచ్చాయి. అవి బ్యాంకు వేసిందా?" "కాదు సార్" అన్నది. "నువ్వు తెచ్చుకున్నావా?" తల ఊపింది. "అయితే అదే నీ చోటు. వెళ్లి కూర్చో." అని, అది పోయి కూసున్నంక మళ్ల బుక్కు దిక్కు సూసిండు. ఆ ఆరు గడులు ఎవరి పేరు ముందటనో అప్పుడు సదివిండు. ఎవరిదనుకున్నవ్? నాదే. ఆరు దినాలు నేను బడికి వచ్చిన, పిలిస్తే "హాజర్ సార్" అన్న. కనీ నా పేరు కింద దాని పేరుండె గద, నాకు గీత గీసేలోపట్నే ఆయన సూపు ముందటి బెంచికి పోతుండె. వచ్చిన్నని రాయలే, రాలేదని గూడ రాయలే. సున్న వెట్టినా మంచిగుంటుండె.

సార్ గప్పుడే ఆరు గీతలు గీసిండు. "గంగవ్వా, నువ్వు కూడా రా తల్లీ. ముందుకొచ్చి కూర్చో" అన్నడు. నన్ను గూడ తల్లీ అన్నడు. భాగీరథి బెంచి మీద జరిగి జాగ ఇచ్చింది, చెయ్యితోని తట్టి పిలిచింది. నేనేమన్ననో తెలుసా? "వద్దు సార్, నాకు ఈడనే మంచిగున్నది." ఆయన పిలిచింది నాకోసం కాదు, పోగు తెగిందని అతుకేస్తుండు, గంతే అనుకున్న. మల్లా పిలిచిండు. తెల్లారి గూడ పిలిచిండు. నేను ఆ పట్టా ఇడువలే. ఎండకాలం సెలవులల్ల మా అవ్వ నూలు బాబిన్లు చుట్టే కాడికి తోలింది, బడి గాడికే బందయింది, గప్పుడు గూడ మంచిగనే ఉన్నది అనుకున్న. భాగీరథి అయితే అదే బళ్ల టీచరమ్మయింది. హాజరు ఎప్పుడూ ఆఖరు పట్టా కాడికెళ్లి మొదలువెట్టి పిలుస్తుండె. తలుపు చాటుకున్నోళ్లు ముందు. నేను అటుకెళ్లి పోతుంటే ఇనవడేది.

దాన్ని తప్పువోయి కూసోవెట్టిండ్రే సింధూ. లేచినా మళ్ల పోయి కూసున్నది. నన్ను పేరు వెట్టి పిలిచిండ్రు. నేను పోలేదు.

...

ఏందా గడి, గంత సేపటి సంది ఆడ్నే ఆగినవ్? తండ్రి ఏం పని జేస్తడా? ఖాతాల పని అని రాయి. ఎట్ల సదువుతరో వాళ్లిష్టం. ఆ... ఇగ పప్పు మాడు వాసన వస్తున్నది, లే. పదకొండున్నరాయె. మాస్కు తీగ మీదున్నది, ఆరిందో లేదో సూడు.